నాపా, సోనోమాలలో ఇల్లు కొనేవారు ముందుగా తేల్చుకోవలసినవి

కాలిఫోర్నియాలోని నాపా, సోనోమా ద్రాక్షతోటల సీమలో ఇల్లు కొనదలచినవారు గృహరుణం కన్నా ముందు అగ్నిప్రమాద బీమా సంగతి తేల్చుకోవాలి. బీమా కుదరనిదే బ్యాంకు రుణం విడుదల చేయదు. 2017 అక్టోబరులో టబ్స్ అనే కార్చిచ్చు సోనోమాలోని శాంటా రోజా నగరంలో కాఫీ పార్క్ అనే నివాసప్రాంతపు వీధులను బూడిద చేసిన తరువాతి కాలంలో కొండవాలు ఇళ్లకు సాధారణ బీమా దొరకడం కష్టమైంది. ఏ సంస్థా ముందుకు రాకపోతే చివరి దిక్కుగా ఫెయిర్ ప్లాన్ అనే బీమా పథకం ఉంది గాని, అది ప్రధానంగా అగ్నినష్టానికే పరిమితం. దొంగతనం, నీటి నష్టం వంటివాటికి వేరే పాలసీ తీసుకోవాలి కనుక, రెండు ప్రీమియంలనూ నెలవారీ వాయిదాతో కలిపి లెక్క వేసుకున్నాకే బేరానికి దిగండి.

ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు, వంటగది ఎంత ముచ్చటగా ఉన్నా, ముందు చూరు కింది గాలి రంధ్రాలను పరిశీలించండి. గాలికి కొట్టుకొచ్చే నిప్పురవ్వలు అటకలోకి చొరబడే దారి అదే. వాటికి సన్నని లోహపు జాలీ ఉండాలి. గోడకు 5 అడుగుల లోపు ఎండుటాకులు, కట్టెలు ఉండకూడదు.

పట్టణం వెలుపలి ఇళ్లలో బోరు నీటి దిగుబడిని, సెప్టిక్ ట్యాంకును పరీక్షించే షరతును ఒప్పందంలో తప్పక రాయించుకోండి. తోటతో కూడిన స్థలానికి, సాగుభూములను కాపాడే విలియమ్సన్ చట్టం కింద ఒప్పందం ఉంటే ఆస్తిపన్ను తగ్గుతుంది, అయితే భూమిని వ్యవసాయానికే ఉంచాలన్న కట్టుబాటు కొన్నవారికీ సంక్రమిస్తుంది.