స్టాక్ కార్ ఇంజిన్‌ను ట్రాక్ పక్కన ట్యూన్ చేయడం ఎలా?

శనివారం రాత్రి రేసులో పిస్టన్ కరిగిందంటే దానికి బీజం చాలాసార్లు ఆ మధ్యాహ్నమే పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు సరిచేసుకునే చోట) పడి ఉంటుంది. అమెరికా స్టాక్ కార్ రేసుల్లో పైస్థాయి అయిన నాస్కార్ కప్ కార్లకు 2012 నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి అక్కడ లాప్‌టాప్ పెట్టుకుని సరిచేసుకుంటారు. నార్త్ కరోలినాలోని హికరీ లాంటి చిన్న ట్రాకుల మీద మాత్రం ఇంకా కార్బ్యురేటర్లదే రాజ్యం. నేను చెప్పేది వాటి గురించే.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. టైమింగ్ లైట్, ప్లగ్ స్పానర్, రెండు సెట్ల కొత్త ప్లగ్గులు, జెట్ల (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వెళ్లే కొలత రంధ్రపు బిళ్లల) డబ్బా, లైటున్న భూతద్దం, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. ఫోన్‌లో రాసుకుంటానంటే నేను ఒప్పుకోను. గ్రీజు చేతులతో ఫోన్ ఎవరూ తీయరు, ఆ లెక్క ఇంటికి వెళ్లేసరికి గుర్తుండదు.

ఆయిల్ వేడెక్కేదాకా ఆర్‌పీఎం గట్టిగా పెంచకండి. 180 ఫారెన్‌హీట్ దాటాక టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతోందో చూడండి. ఐడిల్‌లో చూసి సరిపెట్టుకోవద్దు. అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం) పూర్తిగా వచ్చే ఆర్‌పీఎం దగ్గర చూసి, మీ ఇంజిన్ మాన్యువల్ చెప్పిన అంకెకు సెట్ చేసి డిస్ట్రిబ్యూటర్ బిగించండి. ఫ్లోట్ లెవెల్ (కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) కూడా అప్పుడే చూసేయండి. ఇవి ఎవరైనా చేయగలరు.

ఇక అసలు పని జెట్లు. బైకుకు ఎయిర్ స్క్రూ తిప్పిన అలవాటుతో చాలామంది ఇక్కడా స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు. ఆ స్క్రూలు పనిచేసేది ఐడిల్‌లో. స్ట్రెయిట్ (ట్రాక్ నేరుగా సాగే భాగం) చివర ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అందాలో తేల్చేవి మెయిన్ జెట్లే. నంబరు పెరిగితే రంధ్రం పెద్దదవుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. అందిన పెట్రోలు సరిపోయిందో లేదో చెప్పేది ప్లగ్గు. ఆ ప్లగ్గు నిజం చెప్పాలంటే ఇంజిన్‌ను సరైన చోట, సరైన పద్ధతిలో ఆపాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

ప్రాక్టీస్‌లో కొత్త ప్లగ్గులు వేసి ఐదారు ల్యాపులు గట్టిగా నడపమనండి. చివరి ల్యాపులో స్ట్రెయిట్ చివర, కాలు పూర్తిగా థ్రాటిల్ మీద ఉండగానే డ్రైవర్ ఇగ్నిషన్ స్విచ్ ఆపాలి. ఆ క్షణమే క్లచ్ తొక్కి థ్రాటిల్ వదలాలి. క్లచ్ లేని గేర్‌బాక్స్ అయితే న్యూట్రల్‌కి తేవాలి. కారు దొర్లుకుంటూ పిట్‌లోకి రావాలి, రాలేకపోతే మనుషులు తోసుకురావాలి. ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకూడదు. పిట్ రోడ్డు మీద అర నిమిషం ఐడిల్‌లో నడిచినా ప్లగ్గు మీద ఐడిల్ మసి పట్టేస్తుంది. ఆ నలుపు చూసి రిచ్ అయింది, అంటే పెట్రోలు ఎక్కువైంది అనుకుని జెట్ తగ్గిస్తే రాత్రికి పిస్టన్ పోతుంది. స్విచ్ ఆపాక క్లచ్ తొక్కడం ఆలస్యమైనా అంతే. చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటాయి, కాలని పెట్రోలు వచ్చి ప్లగ్గును కడిగేస్తుంది. ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు, అధికారులకు చెప్పి మాత్రమే ఇది చేయండి. వెనక కారుకు మీరు ఆగబోతున్నట్టు తెలియదు.

ప్లగ్గులు తీసి సిలిండర్ వరుసలోనే పేర్చండి. పైకి కనిపించే రంగును పట్టించుకోకండి. భూతద్దంతో లోపల, తెల్ల పింగాణీ ఇనుప గూటిలో కలిసే అడుగు భాగం చూడండి. అక్కడ చుట్టూ సన్నటి బూడిద గోధుమ రంగు వలయం ఉంటే సరిపోయినట్టు. వలయమే లేకుండా తెల్లగా ఉంటే లీన్, పెట్రోలు చాలడం లేదు. నల్లగా, మందంగా పైకి పాకితే రిచ్. సీసం కలిపిన రేస్ పెట్రోలైతే వలయం త్వరగా కనిపిస్తుంది, సీసం లేనిదైతే ఇంకా ఓపిగ్గా వెతకాలి. ఆ తర్వాత ప్లగ్ చివర వంగి ఉండే సన్నటి పట్టీ చూడండి. దాని మీద రంగు మారిన గీత వంపు దగ్గర ఉండాలి. అతికించిన మొదలు వైపు జరిగితే టైమింగ్ ఎక్కువైంది, కొస వైపు ఉంటే తక్కువైంది. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే అల్యూమినియం చుక్కలో కనిపిస్తే ఇక ఒక్క ల్యాపు కూడా వద్దు. లోపల నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండడం) అవుతోంది, పిస్టన్ అరుగుతోంది. ముందు టైమింగ్ రెండు డిగ్రీలు తగ్గించండి.

ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ పెడితే ఇదంతా ఎందుకని అడుగుతారు. కలెక్టర్‌లో (ఒక వైపు సిలిండర్ల ఎగ్జాస్ట్ గొట్టాలు కలిసే చోట) పెట్టిన సెన్సర్ నాలుగు సిలిండర్ల సగటు చెబుతుంది, పైగా సీసం దాన్ని త్వరగా పాడుచేస్తుంది. ఈ కార్లలో ఎక్కువగా కనిపించే ఎనిమిది సిలిండర్ల షెవ్రొలే ఇంజిన్ స్మాల్ బ్లాక్ షెవీ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-8-4-3-6-5-7-2. అందులో పక్కపక్కనే ఉన్న 5, 7 సిలిండర్లు వెంటవెంటనే మండుతాయి. 7వది మిగతా వాటికంటే లీన్‌గా, వేడిగా నడవడం మామూలే. సగటు బాగుందని మురిసిపోతుంటే ఆ ఒక్కటీ కాలిపోతుంది. అందుకే జెట్ నిర్ణయం ఎప్పుడూ అన్నిటికంటే లీన్‌గా ఉన్న ప్లగ్గును చూసే తీసుకోవాలి.

ఒకసారికి ఒకటే మార్చండి. జెట్, టైమింగ్ రెండూ ఒకేసారి ముట్టుకుంటే దేనివల్ల ఏమైందో తేలదు.

ప్రాక్టీస్ 32 డిగ్రీల సెల్సియస్ ఎండలో, రేసు 18 డిగ్రీల రాత్రిలో అనుకుందాం. గాలి సాంద్రత దాదాపు 5 శాతం పెరుగుతుంది. అంటే అవే జెట్లతో ఇంజిన్ ఇంకాస్త లీన్ అవుతుంది. పొద్దుగూకాక ఒక నంబరు పెంచాల్సిందే. ఒకటి రెండు హార్స్‌పవర్ తగ్గినా చివరి ల్యాపుదాకా నడుస్తుంది.

రేడియేటర్‌లో నీళ్లే పోయండి. కూలెంట్ కారితే ట్రాక్ జారుతుంది, చాలాచోట్ల నిషేధం కూడా. ఆయిల్ ప్రెజర్ వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ చొప్పున ఉండాలి. మలుపులో ముల్లు పడిపోతోందేమో డ్రైవర్‌ను ప్రతిసారీ అడగండి. ఎడమకు తిరిగేటప్పుడు ఆయిల్ అంతా కుడివైపు ఎగదన్నుతుంది, పికప్ (ఆయిల్‌ను పంపుకు లాగే గొట్టం) గాలి పీల్చుకుంటే బేరింగులు అక్కడే పోతాయి. రేసయ్యాక ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. అక్కడ మెరుపు కనిపిస్తే ఎక్కడిదో తేలేదాకా ఆ ఇంజిన్‌ను వచ్చే శనివారానికి తీసుకెళ్లకండి.