షికాగో చలిలో కడుపు: కొత్తగా వచ్చినవారికి ఏడాది పొడవునా పనికొచ్చే సూచనలు

ఆగస్టులో షికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్ వైపు చదువుకో ఉద్యోగానికో దిగినవాళ్లకు మొదటి రెండు నెలలు కడుపు పెద్దగా ఇబ్బంది పెట్టదు. బయట వెచ్చగా ఉంటుంది, కాళ్లకు తిరుగుడు ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాక అసలు సంగతి మొదలవుతుంది. డిసెంబరులో షికాగోలో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు గూకుతుంది. గడప దాటబుద్ధి కాదు, దాహం వేయదు. మోషన్ రోజూ అయ్యేది కాస్తా మూడు రోజులకోసారి అవుతుంది. ఇక్కడి తిండి పడటం లేదనుకుని చాలామంది అన్నం, పచ్చడి, పెరుగు దగ్గరే ఆగిపోతారు. దాంతో ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ముందు సరిచూసుకోవాల్సినవి నీళ్లు, పీచు, నడక.

నీళ్లు

చలికి దాహం మందగిస్తుంది. పైగా బయటి చల్లగాలిలో తేమ చాలా తక్కువ. ఆ గాలినే హీటర్ 21 డిగ్రీలకు వేడిచేస్తే గది ఇంకా పొడిబారుతుంది. చెమట కనబడకపోయినా ఊపిరితో, చర్మంతో నీరు పోతూనే ఉంటుంది. ఒంట్లో నీరు చాలకపోతే పెద్దపేగు మలంలోని నీటిని ఎక్కువగా లాగేసుకుంటుంది. మలం గట్టిపడేది అందుకే.

నీళ్లు, మజ్జిగ, చారు, టీ అన్నీ కలిపి రోజుకు 2 నుంచి 2.5 లీటర్లు పడేలా చూసుకోండి. దాహం కోసం ఎదురుచూడకుండా లేవగానే ఒక పెద్ద గ్లాసు గోరువెచ్చని నీళ్లు, ప్రతి భోజనానికి ముందు ఒక గ్లాసు అలవాటు చేసుకుంటే చాలావరకు లెక్క కుదురుతుంది. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. కిడ్నీ, గుండె జబ్బులున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. హ్యూమిడిఫయర్ కొంటే దాన్ని క్రమం తప్పకుండా కడగాలి, లేకపోతే అందులో బూజు పడుతుంది.

పీచు లెక్క

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన పీచు ఆడవాళ్లకు 25 గ్రాములు, మగవాళ్లకు 38 గ్రాములు. కప్పు తెల్లన్నంలో ఒక గ్రాము కూడా ఉండదు. పలచటి పప్పుచారుతో కూడా ఈ లెక్క తేలదు. పొట్టుతో ఉన్న మసూర్ గింజలు ఉడికించినవి అరకప్పు తింటే 8 గ్రాములు, కాబూలీ శనగలు అరకప్పుకు 6, తొక్కతో ఒక పియర్ పండుకు 5 నుంచి 6, ఫ్రోజెన్ బఠాణీలు అరకప్పుకు 4 గ్రాముల దాకా వస్తుంది. చలికాలంలో తాజా ఆకుకూరల ధర చూసి కూర మానేయకండి. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో దొరికే గోరుచిక్కుడు, బెండకాయ, పాలకూర పీచు విషయంలో తాజావాటికి తీసిపోవు.

ఒక్కసారిగా పెంచితే గ్యాస్, ఉబ్బరం తప్పవు. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచుకుంటూ పోండి, నీళ్లూ దాంతోపాటే పెరగాలి. రాత్రిపూట నాలుగైదు ప్రూన్స్ (ఎండబెట్టిన ప్లమ్ పండ్లు) తింటే చాలామందికి పని జరుగుతుంది. వాటిలో పీచుతోపాటు సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది, అది పేగులోకి నీటిని లాగుతుంది. ఇసబ్‌గోల్ అయితే ఒక చెంచా పొట్టును 240 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, ఆ పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. తక్కువ నీళ్లతో మింగితే అది గొంతులోనే ఉబ్బి అడ్డుపడగలదు. వేరే మాత్రలకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. ఇక్కడి మందుల షాపుల్లో మెటామ్యూసిల్ పేరుతో అమ్మేదీ ఇదే పొట్టు. ఇవేవీ పని చేయకపోతే మిరాలాక్స్ అనే మలబద్ధకం మందు పొడి 17 గ్రాములు ఒక గ్లాసు నీళ్లలో కలిపి రోజుకొకసారి తాగవచ్చు. దాని పని కనబడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. డాక్టరును అడగకుండా 7 రోజులు దాటి వాడకూడదు.

పీచును ఇంతగా పట్టించుకోమనడానికి ఇంకో కారణం ఉంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చి మినెసోటాలో స్థిరపడిన హ్మాంగ్, కరెన్ ప్రజల మీద అక్కడి విశ్వవిద్యాలయం చేసిన పరిశోధన 2018లో వెలువడింది. అమెరికా వచ్చిన కొద్ది నెలల్లోనే వాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు తగ్గిపోయాయి. మొక్కల పీచును జీర్ణం చేసే రకాలూ పోయినవాటిలో ఉన్నాయి. పప్పులు, చిక్కుళ్లు, కూరగాయలు మనకు వచ్చిన వంటే కదా. వలస వచ్చినందుకు వాటిని వదులుకోవాల్సిన పని లేదు.

పెరుగు తోడుకోకపోతే, పిండి పులియకపోతే

పాలు కాచి 43 డిగ్రీలకు, అంటే శుభ్రమైన వేలు పెడితే పది సెకన్లు ఓర్చుకోగలిగేంతకు, చల్లారనివ్వండి. అర లీటరుకు ఒక చిన్న చెంచా తోడు వేసి, ఓవెన్ ఆన్ చేయకుండా లైటు మాత్రం వెలిగించి లోపల పెట్టండి. పాత రకం బల్బు అయితే ఆ వేడి చాలు. ఎల్ఈడీ అయితే వేడి రాదు, కాబట్టి ముందు ఓవెన్ థర్మామీటరుతో చూసుకోండి. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో పెరుగు బటన్ ఉంటే 8 గంటలు. ఇడ్లీ, దోసె పిండికి 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, 12 నుంచి 16 గంటల సమయం కావాలి. గిన్నె లోపల ఉన్నంతసేపు ఓవెన్ తలుపు మీద కాగితం అంటించండి, రూమ్మేట్ చూడకుండా 400 ఫారెన్‌హీట్‌కు ఆన్ చేసే ప్రమాదం ఉంది.

చలికి టీ, కాఫీ కప్పులు పెరిగి, కడుపుబ్బరం, గ్యాస్ మొదలైతే పాల మీద అనుమానం పెట్టుకోండి. పాలలోని లాక్టోజ్ పెద్దయ్యాక మనలో చాలామందికి సరిగా అరగదు. రెండు వారాలు లాక్టోజ్ తీసేసిన పాలు వాడితే తేలిపోతుంది. పెరుగు మానక్కర్లేదు. తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది.

వాంతులు, విరేచనాల కాలం

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ నోరోవైరస్ కాలం. సోకిన 12 నుంచి 48 గంటల్లో ఉన్నట్టుండి వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలై, చాలామందికి ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతాయి. హ్యాండ్ శానిటైజర్ ఈ వైరస్ మీద సరిగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు కడగాల్సిందే. నలుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంటులో జబ్బుపడ్డ మనిషి, తగ్గిన తరవాత కూడా రెండు రోజులు వంటగదిలోకి రాకూడదు. వాంతి పడ్డ చోట గాలన్ నీళ్లకు 5 నుంచి 25 టేబుల్ స్పూన్ల బ్లీచ్ కలిపి, రాసి కనీసం 5 నిమిషాలు ఉంచండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ మరే క్లీనర్ గానీ కలపకండి, విషవాయువు వస్తుంది.

తాగడానికి లీటరు శుభ్రమైన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు. వాంతులవుతుంటే గుటకగుటకగా తాగాలి. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

వసంతం, వేసవి

ఏప్రిల్‌లో పుప్పొడి అలర్జీకి బెనడ్రిల్ మింగి మళ్లీ మలబద్ధకం తెచ్చుకునేవాళ్లున్నారు. సెట్రిజిన్, లొరాటడిన్‌లతో ఆ బెడద తక్కువ.

వేసవిలో పార్కు పాట్‌లక్‌ల దగ్గర, అంటే తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినేచోట, జాగ్రత్త. వండినది బయట రెండు గంటలు దాటి ఉండకూడదు, 90 ఫారెన్‌హీట్ దాటిన రోజు ఒక్క గంటే. అన్నంతో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా ఉండిపోతే మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. బిర్యానీ గిన్నెను గిన్నెలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. రెండంగుళాల లోతు మించని డబ్బాల్లో సర్ది పెట్టండి. ఆదివారం వండినది బుధవారం దాకా తినండి, ఆ పైన కావలసినది వండిన రోజే ఫ్రీజర్‌లోకి వెళ్లాలి.

వానాకాలంలో ఇండియా వెళ్తుంటే టైఫాయిడ్ ఇంజెక్షన్ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి, దాని రక్షణ రెండేళ్లు. తిరిగొచ్చిన నెలలోపు జ్వరం వస్తే ఇండియా నుంచి వచ్చామని డాక్టరుకు మీరే ముందుగా చెప్పాలి. ఇక్కడి డాక్టర్లకు టైఫాయిడ్ అరుదుగా కనబడే జబ్బు.

ఎప్పుడు ఆగకూడదు

మలంలో రక్తం, 102 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, నీళ్లు కూడా నిలవని వాంతులు, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి, ఇలాంటివి కనబడితే అదే రోజు చూపించుకోవాలి. ఆ కుడివైపు నొప్పికి, స్పృహ తప్పుతున్నప్పుడు ఎమర్జెన్సీకే వెళ్లండి, లేవలేకపోతే 911కు ఫోన్ చేయండి. మిగతావాటికి అర్జంట్ కేర్ (అపాయింట్‌మెంటు లేకుండా చూసే క్లినిక్) చాలు, ఖర్చు చాలా తక్కువ. ఏది అవసరమో తేలకపోతే ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్సు ఫోన్ నంబరు ఉందేమో చూడండి. చాలా ప్లాన్లలో ఆ ఫోన్ ఉచితం, తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు.