వరుస హత్యల ముడి విప్పే పద్ధతి
నార్కట్‌పల్లి దగ్గరి వ్యవసాయ బావిలో ఒక శవం, కొన్ని నెలలకు జడ్చర్ల శివారులో మరొకటి దొరికితే రెండు ఠాణాల్లో రెండు వేర్వేరు ఎఫ్ఐఆర్‌లు నమోదవుతాయి (ఠాణా సరిహద్దులు హంతకుడికి పట్టవు కదా). కాబట్టి దర్యాప్తు అధికారి ముందుగా గుర్తు తెలియని శవాల పంచనామాలను, తప్పిపోయినవారి ఫిర్యాదులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఇలా పోల్చడానికే అమెరికాలో ఎఫ్‌బీఐ (అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ) 1985లో వైక్యాప్ అనే నేరాల సమాచార వ్యవస్థను నెలకొల్పింది.

మెడకు బిగించిన తాడును ముడి దగ్గర కాకుండా దానికి దూరంగా కత్తిరించాలి, ఎందుకంటే ముడి వేసిన తీరే రెండు హత్యలను కలపవచ్చు. తడిసిన బట్టలను నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలోనే భద్రపరచాలి. ప్లాస్టిక్‌లో బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. ఆ తర్వాత రెండు చోట్ల సెల్ టవర్ల సమాచారంలో ఉమ్మడిగా కనిపించే నంబర్లను వెదకాలి.

పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు, కానీ నిందితుడు చెప్పిన చోట దొరికిన హతురాలి పుస్తెలతాడు సాక్ష్యంగా నిలుస్తుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర దర్యాప్తు, విచారణల పద్ధతిని నిర్దేశించే చట్టం) ప్రకారం ఆ స్వాధీనాన్ని వీడియో తీయడం తప్పనిసరి.