గొంగళి పురుగు పేరు తెలియాలంటే ముందు మొక్కను చూడాలి

పెరట్లో పురుగు కనిపించగానే చాలామంది దాని రంగు చూసి పేరు వెతుకుతారు. అయితే ఒకే జాతి పురుగు వయసును బట్టి రంగు మారుస్తుంది కనుక, అది ఏ మొక్క ఆకు తింటున్నదో ముందుగా రాసుకోవడం మేలు.

నందివర్ధనం పొద కింద మిరియపు గింజలంత నల్లటి రెట్టలు, గాడులు తేలినవి కనబడితే, వాటికి సరిగ్గా పైనున్న కొమ్మను ఓపికగా వెతకండి. వేలంత లావున, ఆకులో కలిసిపోయే పచ్చ రంగుతో, తోక దగ్గర పొట్టి కొమ్ముతో ఒక పురుగు దొరుకుతుంది. కదిలిస్తే అది తల ముడుచుకుని, వీపు ముందుభాగాన నల్లని అంచున్న రెండు నీలి మచ్చలను ఉబ్బించి చూపుతుంది. అవి కళ్ళలా కనిపించినా కళ్ళు కావు. గన్నేరును కూడా తినే ఈ హాక్ మాత్ అనే చిమ్మట (సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు) పిల్ల, గూటి దశకు ముందు గోధుమ రంగుకు తిరిగి నేలకు దిగుతుంది. నిన్నటి పచ్చ పురుగే ఇదని చెబితే నమ్మడం కష్టం.

తర్వాత కాళ్ళు లెక్కపెట్టాలి. గొంగళి పురుగుకు ఛాతీ కింద 3 జతల అసలు కాళ్ళు, పొట్ట కింద కండగల కాళ్ళు ఎక్కువలో ఎక్కువ 5 జతలు ఉంటాయి. ముల్లంగి, ఆవ మొక్కల మీది నల్లటి పురుగుకు పొట్ట కింద 8 జతలు ఉంటే, అది కందిరీగల బంధువైన రంపపు ఈగ పిల్ల; చిమ్మటలతో దానికి సంబంధం లేదు.

ఈ లెక్క నేర్చుకోవడానికి ఆముదం మొక్కను మించినది లేదని నా అభిప్రాయం. నడుము పైకి వంచుతూ నడిచేది దాసరి పురుగు; దాని పొట్ట కాళ్ళలో మొదటి జత సరిగా ఎదగదు. ఆకు అడుగున గుంపుగా చేరి పచ్చదనాన్ని గీకి, ఆకును జల్లెడలా మార్చేవి పొగాకు లద్దె పురుగు పిల్లలు. ఎదిగాక అవి పగలు మట్టిలో దాక్కుంటాయి. కాళ్ళు కనబడకుండా ఆకుకు అంటుకుని, ముళ్ళ గుత్తులతో ఉన్న లేతపచ్చ పురుగును మాత్రం ముట్టుకోవద్దు, ఆ ముళ్ళు తేలులా మండిస్తాయి. కొమ్మలు చీలిన ముళ్ళతో అదే ఆకుపై మరొకటి కనిపిస్తే, అది ఆముదాన్ని తినే సీతాకోకచిలుక పిల్ల కావచ్చు. కాబట్టి ముళ్ళు ఉన్నంత మాత్రాన చిమ్మట అని తేల్చకూడదు.

అడవిలో తిన్న తీరే ఎక్కువగా చెబుతుంది. టేకు ఆకు ఈనెల వలగా మిగిలితే ఆకును జల్లెడ చేసే పురుగు, పెద్ద ఈనెలు మాత్రమే మిగిలితే ఆకు రాల్చే పురుగు అని అనుమానించాలి. మద్ది చెట్ల మీది లావైన పచ్చ పురుగు దసలి పట్టు పురుగు అయ్యే అవకాశం ఉంది. తెలంగాణలోని చెన్నూరు, మహదేవ్‌పూర్ ప్రాంతాల్లో దాన్ని పెంచేవారున్నారు కనుక తీసుకురావద్దు.

ఇన్ని చూసినా అనుమానం తీరకపోతే, గాలి ఆడే డబ్బాలో అడుగున తడి మట్టి, ఎండుటాకులు పరిచి, దొరికిన మొక్క ఆకునే రోజూ మారుస్తూ పెంచండి. రెక్కల పురుగు బయటికి వచ్చాక గుర్తింపు చాలా సులువవుతుంది. దానికి బదులు చిన్న కందిరీగ వస్తే, పురుగు పరాన్నజీవికి ఆహారమైందని అర్థం; ఆ సంగతిని కూడా మొక్క పేరు, తేదీలతో కలిపి రాసిపెట్టండి.