వైజాగ్‌లో డాబా మీద సోలార్: దరఖాస్తు ఎక్కడ మొదలుపెట్టాలంటే

ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద సోలార్ పెట్టిద్దామనుకోగానే అందరూ ముందు వెండర్‌కి, అంటే ప్యానెళ్లు బిగించే కంపెనీకి, ఫోన్ చేస్తున్నారు. ముందు కరెంటు బిల్లు తీసి పేరు చూడండి. సర్వీసు ఇంకా నాన్నగారి పేరు మీదో, ఇల్లు అమ్మినాయన పేరు మీదో ఉంటే మన కరెంటు సంస్థ ఏపీఈపీడీసీఎల్‌లో పేరు మార్పించుకున్నాకే మిగతా పని, లేకపోతే చివర్లో సబ్సిడీ దగ్గర బ్యాంకు ఖాతా పేరు కలవక టెన్షన్ పడతారు.

నెలకి 150 యూనిట్ల లోపు వాడితే 1 నుంచి 2 కిలోవాట్లు చాలు, 300 దాకా అయితే 2 నుంచి 3. ఒక్కో కిలోవాట్‌కి నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి, కాబట్టి వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం ఎటు వాలుతుందో డాబా ఎక్కి చూసుకోండి. శ్లాబ్‌కి తెల్ల కూల్ పెయింట్ వేయించే ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే, ప్యానెళ్లు బిగించాక కింద బ్రష్ దూరదు.

దరఖాస్తు పెద్ద పనేం కాదు. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మొబైల్ ఓటీపీతో లాగిన్ అయి, రాష్ట్రం, జిల్లా, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర ఏపీఈపీడీసీఎల్, ఆ తర్వాత బిల్లు మీది సర్వీస్ నంబర్ ఇచ్చి, బిల్లు అప్‌లోడ్ చేయడమే. 10 కిలోవాట్ల దాకా విడిగా సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదం వస్తుంది.

వెండర్‌ని పోర్టల్‌లో ఉన్న జాబితా నుంచే తీసుకోవాలి, ప్యానెళ్లు డీసీఆర్‌వే, అంటే సెల్స్‌తో సహా మన దేశంలో తయారైనవే అయ్యుండాలి, లేదంటే సబ్సిడీ రాదు. కొటేషన్‌లో అందరూ ప్యానెల్ కంపెనీ పేరే చూస్తారు గానీ, నన్నడిగితే మన ఊళ్లో అసలు చూడాల్సింది ప్యానెళ్లని మోసే స్టాండు. పెదవాల్తేరు, ఎంవీపీ వైపు ఉప్పుగాలికి గేటు బోల్టులే తుప్పు పట్టి రాలిపోతుంటాయి, 2014లో హుద్‌హుద్ ఏం చేసిందో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు. హాట్‌డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన) ఇనుము, స్టెయిన్‌లెస్ బోల్టులు, గంటకి 180 కిలోమీటర్ల గాలికి తట్టుకునే డిజైన్ అని కాగితం మీద రాయించుకోండి.

బిగించాక వివరాలు పోర్టల్‌లో ఎక్కించి నెట్ మీటర్‌కి (మీరు వాడిన కరెంటునీ, గ్రిడ్‌కి పంపినదాన్నీ లెక్కేసే మీటర్) దరఖాస్తు పెట్టాలి, డిస్కం వాళ్లు వచ్చి చూసి, అంతా సరిగా నడుస్తోందని కమిషనింగ్ రిపోర్టు ఇచ్చాక బ్యాంకు వివరాలు, క్యాన్సిల్డ్ చెక్కు ఇస్తే సబ్సిడీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. 1 కిలోవాట్‌కి 30,000, రెండుకి 60,000, మూడు ఆపైన ఎంత పెట్టినా 78,000. ఇదంతా తర్వాత వచ్చే డబ్బు, వెండర్‌కి ముందు మీరే కట్టాలి. చేతిలో లేకపోతే 3 కిలోవాట్ల దాకా తాకట్టు లేని లోన్ ఉంది, ప్రభుత్వ లోన్ల పోర్టల్ జన్ సమర్థ్‌లో అడగొచ్చు.

అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి కరెంటు కోసం అసోసియేషన్ పెట్టుకోవచ్చు, దానికి సబ్సిడీ కిలోవాట్‌కి 18,000.

ఇంకో మాట, కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కి కలిపినది, కూడా ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. బ్యాటరీ లేకుండా తుఫాను రాత్రి ఫ్యాన్ తిరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.