సీజన్ ముందు ఫాస్ట్ బౌలర్ రాసుకోవాల్సిన లెక్క

సీజన్‌కి రెండు నెలలు ఉందనగా చాలామంది ఫాస్ట్ బౌలర్లు జిమ్‌లో బరువులెత్తుతారు, మెట్లెక్కి దిగుతారు, ఒళ్లు దిట్టంగా తయారవుతుంది. బంతి మాత్రం ముట్టుకోరు. మొదటి మ్యాచ్‌కి పది రోజుల ముందు నెట్స్‌కి వచ్చి వరసగా మూడు రోజులు ఫుల్ స్పీడులో వేసేస్తారు. అప్పుడేమీ అవదు. మూడు నాలుగు వారాలు పోయాక, వికెట్లు బాగా పడుతున్న సమయంలో నడుము దెబ్బతింటుంది. "నిన్నటిదాకా బాగానే ఉన్నానే" అంటారు.

నేనూ అదే మాట అన్నాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఐదు వారాలు బంతి పట్టకుండా ఉండి, తిరిగొచ్చిన వారంలోనే నలభై ఓవర్లు వేశాను. కొన్నాళ్లకి నడుము ఎడమవైపు, వేలు పెట్టి చూపించగలిగేంత చోట నొప్పి మొదలైంది. కండరం పట్టేసిందనుకుని ఆయింట్‌మెంట్ రాసుకుని ఇంకో మూడు మ్యాచ్‌లు ఆడాను. ఆ తర్వాత ఏడు నెలలు బంతి పట్టలేదు. ఆ ఏడు నెలలు ఇంకెవరికీ రాకూడదనే ఇది రాస్తున్నాను.

క్రీజు దగ్గర ముందు కాలు నేలని తాకిన ఆ క్షణంలో ఒంటి బరువుకి ఐదారు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తాకిడి కాలి మీదుగా పైకి వస్తుంది. సరిగ్గా అదే క్షణంలో నడుము వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, మెలి తిరుగుతూ ఉంటుంది. కుడిచేతి బౌలర్‌కి ఆ ఒత్తిడంతా నడుము కింది వెన్నుపూసల్లో ఎడమవైపు పడుతుంది. కండరం కొన్ని వారాల్లోనే బలపడుతుంది, ఎముకకి నెలలు పడుతుంది. పైగా కొత్త బరువుకి అలవాటు పడేటప్పుడు పాత ఎముక కొంత కరిగాకే కొత్తది కట్టుకుంటుంది. ఆ మధ్యకాలంలో ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. మీరేమో ఫిట్‌గా ఉన్నానని అప్పుడే జోరు పెంచుతారు. జిమ్ అవసరమే, కానీ బౌలింగ్‌కి ఎముకని తయారు చేసేది బౌలింగే.

అందుకని ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. రోజూ వేసిన బంతులు రాయండి, ఓవర్లు కాదు. నెట్స్‌లో వేసినవి, మ్యాచ్ ముందు వార్మప్‌లో వేసినవి, నో బాల్స్, కోచ్ "ఇంకో నాలుగు వెయ్యి" అంటే వేసిన నాలుగూ అందులో ఉండాలి. పక్కన ఎంత జోరుతో వేశారో ఒక్క మాట చాలు: సగం, ముప్పావు, ఫుల్. బౌండరీ నుంచి విసిరే త్రోలు భుజానికీ మోచేతికీ పడే లెక్క, వాటిని విడిగా రాసుకోండి.

నా పద్ధతి ఇది. రెడ్ బాల్ సీజన్ (రోజుల తరబడి సాగే టెస్టుల్లాంటి మ్యాచ్‌లు) అయితే కనీసం ఎనిమిది వారాల ముందు మొదలుపెడతాను. మొదటి వారం రెండు రోజులు, రోజుకి 24 బంతులు, ముప్పావు జోరుకి మించకుండా. మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. ఆ తర్వాత వారం వారం కొంచెం కొంచెంగా పెంచడం, ఒకే వారంలో బంతులనీ జోరునీ రెండూ పెంచకపోవడం. చివరి రెండు వారాలకి మ్యాచ్‌లో వేయబోయేంత లెక్కకి దగ్గరగా వచ్చేయాలి. జ్వరమో, ప్రయాణమో వచ్చి ఒక వారం పోయిందనుకోండి, పోయిన బంతుల్ని తర్వాతి వారంలో కలిపి వేయకండి. చాలామంది దెబ్బతినేది అక్కడే.

ప్రొఫెషనల్స్‌కి ఇంకో చిక్కుంది. టీ20లో మ్యాచ్‌కి వేసేది 24 బంతులే. రెండు నెలలు అలా ఆడి నేరుగా టెస్టుకో నాలుగు రోజుల మ్యాచ్‌కో వెళ్తే ఒక్క రోజులోనే వందకి పైగా బంతులు వేయాల్సి రావచ్చు. కాబట్టి టీ20 లీగ్ నడుస్తుండగానే, మ్యాచ్ లేని రోజుల్లో ఫిజియోతో మాట్లాడుకుని నెట్స్‌లో ఎక్కువ స్పెల్స్ (ఒక దఫాలో ఆపకుండా వేసే ఓవర్లు) వేసుకోవాలి. రెండు జట్లకి ఆడుతుంటే ఏ కోచ్‌కైనా తన దగ్గర వేసిన బంతులే తెలుస్తాయి. రెండూ కలిపిన లెక్క ఉండేది మీ నోటుబుక్‌లోనే, దాన్ని ఇద్దరికీ చూపించండి. చెబితే జట్టులోంచి తీసేస్తారేమోనని భయం ఉంటుంది, నాకూ ఉండేది. ఒక మ్యాచ్ పోవడం వేరు, ఏడు నెలలు పోవడం వేరు.

2025లో ఇంగ్లాండ్‌లో ఐదు టెస్టుల సిరీస్‌లో బుమ్రా మూడే ఆడతాడని ముందే చెప్పేశారు. 2023లో వెన్ను సర్జరీ చేయించుకున్నవాడు, 2025 జనవరిలో సిడ్నీ టెస్టులో మళ్లీ వెన్ను పట్టేసి మధ్యలో బయటికి వచ్చేసినవాడు. దాని మీద చాలామంది విసుక్కున్నారు. నాకైతే అది సరైన నిర్ణయమే అనిపించింది. అదే సిరీస్‌లో సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకి పైగా వేశాడు, 23 వికెట్లు తీశాడు. సిరాజ్‌ని చూపించి బుమ్రాని తప్పుపట్టకూడదు. ఎవరి ఒళ్లు వారిది, ఎవరి యాక్షన్ వారిది, పాత గాయాల చరిత్ర కూడా ఎవరిది వారిదే. సిరాజ్‌ని చూసి మీ బంతులు పెంచుకోవడం మాత్రం ప్రమాదం.

ఇరవై రెండు ఇరవై మూడేళ్ల లోపు వాళ్లు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, నడుము ఎముక అప్పటికి పూర్తిగా గట్టిపడదు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ పాట్ కమిన్స్ 2011 నవంబర్‌లో జొహానెస్‌బర్గ్‌లో 18 ఏళ్లకే తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. రెండో టెస్టు 2017 మార్చిలో రాంచీలో ఆడాడు. మధ్యలో ఐదేళ్లకి పైగా టెస్టు లేదు, అందులో పెద్ద భాగం వెన్ను గాయాలే మింగేశాయి. కుర్రాడు స్పీడుగా వేస్తున్నాడని అండర్-19కీ, సీనియర్ జట్టుకీ, క్లబ్‌కీ ఒకే వారంలో ఆడించే కోచ్‌లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి.

నొప్పి గురించి స్పష్టంగా తెలుసుకోండి. బౌలింగ్ చేసిన మర్నాడు నడుమంతా బరువుగా, బిగుసుకుపోయినట్టు ఉండి, అటూ ఇటూ తిరిగితే వదులైతే అది చాలావరకు అలసటే. ఒకే పక్క, ఒకే చోట, అదీ బౌలింగ్ చేసే చేతికి ఎదురుపక్క నొప్పి ఉంటే ఆగిపోవాలి. ఆ పక్క కాలి మీద నిలబడి మెల్లగా వెనక్కి వంగి చూడండి. అక్కడే పోటు పొడిచినట్టు అనిపిస్తే ఆ రోజే ఫిజియోకి చెప్పండి. అలా అనిపించకపోయినంత మాత్రాన ఎముక బాగున్నట్టు కాదు, నొప్పి వదలకపోతే చూపించుకోవాల్సిందే. ఎక్స్‌రే తీసి "ఏమీ లేదు" అంటే అక్కడితో ఆగకండి, మొదట్లో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. పెయిన్‌కిల్లర్ వేసుకుని మాత్రం బౌలింగ్ చేయకండి. నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక అతుక్కోదు.

యాక్షన్ మార్చాలంటే సీజన్ దగ్గర పడ్డాక వద్దు. తుంటి ఒకవైపు, భుజాలు ఇంకోవైపు చూస్తూ వేసే మిక్స్‌డ్ యాక్షన్ నడుముకి చెడ్డదే, దాన్ని సరిచేసుకోవాలి కూడా. కానీ దానికి నెలల టైం కావాలి, కొత్త యాక్షన్‌తో బంతుల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇంగ్లాండ్ ఫాస్ట్ బౌలర్ జేమ్స్ ఆండర్సన్ యాక్షన్‌ని కుర్రతనంలో కోచ్‌లు మార్చారు, 2006లో అతనికి స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. తర్వాత పాత యాక్షన్‌కే వెళ్లి, 2024లో రిటైరయ్యేసరికి 704 టెస్టు వికెట్లు తీశాడు.

సైడ్ స్ట్రెయిన్, అంటే పక్కటెముకల దగ్గరి కండరం చిరగడం, కూడా చాలావరకు సీజన్ మొదట్లోనే వస్తుంది. దగ్గినా తుమ్మినా బౌలింగ్ చేతికి ఎదురుపక్క పక్కటెముకల దగ్గర కలుక్కుమంటే అదే. నెలా నెలన్నర పోతుంది, తొందరపడి వస్తే మళ్లీ చిరుగుతుంది. సప్లిమెంట్ల విషయంలో జట్టు డాక్టర్ చూడనిది ఏదీ నోట్లో వేసుకోవద్దు. డోపింగ్ టెస్టులో దొరికితే, తెలియక తిన్నానన్నా బాధ్యత ఆటగాడిదే.

బూట్లు కొత్తవైతే మొదటి మ్యాచ్‌కే వేసుకోకండి. నెట్స్‌లో కనీసం రెండు వారాలు తొడిగి, ముందు కాలి బొటనవేలు ముందుకి జారి బూటుకి గుద్దుకుంటోందేమో చూడండి. గోరు నల్లబడుతోందంటే సైజు కుదర్లేదని అర్థం. స్పైక్స్ ప్రతి మ్యాచ్ ముందు చేత్తో తిప్పి బిగించుకోండి. రనప్ టేపుతో కొలుచుకోండి, గాలి ఎటునుంచి ఉందో చూసుకుని అడుగు అటో ఇటో సర్దుకోండి. నెట్స్‌లో నో బాల్స్ వేసే అలవాటుంటే ఈ రెండు నెలల్లోనే మానుకోవాలి.

మ్యాచ్ రోజు పొద్దున వార్మప్‌కి దిగే ముందు ఒకసారి గ్రౌండ్ మీద చూపు తిప్పండి. 2005 ఆగస్టు 4న ఇంగ్లాండ్‌తో ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో టాస్‌కి ముందు, గ్రౌండ్‌లో పడి ఉన్న బంతి మీద ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ కాలు పడి చీలమండ మడతపడింది. ఆ టెస్టులో అతను ఆడలేదు, ఆస్ట్రేలియా 2 పరుగుల తేడాతో ఓడింది. కాలికి అడ్డంగా కనబడిన బంతుల్ని తీసి సంచిలో వేశాకే పరుగు మొదలుపెట్టండి.