ఏఐ చాట్‌లో వెబ్ సెర్చ్ – 4వ పాఠం: లింకు తెరిచి చూడండి

ఈసారి పీడీఎఫ్‌ల గురించి చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మీకు అభ్యాసంగా వరంగల్ ఏనుమాముల మార్కెట్లో తేజ మిర్చి ధర కనుక్కోమంటే, అదే రోజు అడిగినవాళ్లకు కూడా ఒక్కొక్కరికి ఒక్కో ధర వచ్చింది. ముందు ఆ సంగతి తేల్చాలి.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఎక్కువ వాటికి అసలు సెర్చే జరగలేదు. జవాబు కింద ఒక్క లింకూ లేదు. అంటే అసిస్టెంట్ శిక్షణలో చదివిన పాత సమాచారంలోంచి ఒక అంకె చెప్పింది. రోజూ మారే ధర అందులో ఉండదు. సెర్చ్ ఆన్ చేయండి, లేదా ప్రశ్నలోనే "వెబ్‌లో వెతికి చెప్పు" అని రాయండి. లింకులు వచ్చినవాళ్లలో కొందరికి కనిష్ఠ ధర, కొందరికి గరిష్ఠ ధర వచ్చింది. ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర కావాలంటే "మోడల్ ధర" (modal price) అనే అడగాలి. నేనైతే తేదీ ముందు రాసి, మార్కెట్ పేరు, సరుకు పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఇస్తాను. మార్కెట్ ధరల పేజీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే అలవాటు: లింకు కనబడితే చాలు, తెరవకుండానే నమ్మేయడం.

"వరంగల్ జిల్లా జనాభా ఎంత?" అని అడగండి. 35 లక్షలని రావచ్చు. పక్కనే లింకు ఉంటుంది, ఆ పేజీలో ఆ అంకే ఉంటుంది. అయినా ఇవాళ్టి జిల్లాకు ఆ జవాబు తప్పు. అది 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి జిల్లాకు వచ్చిన అంకె. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి జిల్లాను విడగొట్టారు. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వచ్చాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. మారింది పేర్లు మాత్రమే కాదు, మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. ఖిలా వరంగల్ వరంగల్ జిల్లాకు వచ్చింది, పరకాల హనుమకొండకు వెళ్లింది.

రామప్ప గుడి ఏ జిల్లాలో ఉందని అడిగినా ఇదే చిక్కు. ఒక పేజీలో వరంగల్, ఒకదాంట్లో భూపాలపల్లి, ఇంకోదాంట్లో ములుగు కనిపిస్తాయి. ఏ పేజీకి ఆ పేజీ రాసిన నాటికి సరైనదే. ఇప్పటికి ములుగు ఒక్కటే సరి. అసిస్టెంట్ పేరు కలిసిందని పాత పేజీనీ కొత్త పేజీనీ ఒకే జవాబులో కలిపేస్తుంది. కాబట్టి లింకు తెరిచి, పేజీ తేదీ చూడండి. ఆ అంకె ఏ సంవత్సరానిది, ఏ హద్దులది అన్నది చూడండి. ఆ తర్వాత కొత్త చాట్ తెరిచి ఇలా అడగండి: "2021 ఆగస్టు తర్వాతి హద్దుల ప్రకారం చెప్పు. దొరక్కపోతే దొరకలేదని చెప్పు." ఆ చివరి వాక్యం వదిలేయకండి, అది లేకపోతే ఖాళీని ఊహతో నింపేయవచ్చు. పాత చాట్‌లోనే అడిగితే ముందు వచ్చిన తప్పు అంకె మళ్లీ తిరిగి రావచ్చు.

అభ్యాసం: మీ మండలం 2015లో, 2017లో, 2022లో ఏ జిల్లాలో ఉందో మూడు జవాబులు రాబట్టండి. ఒక్కోదానికి ఒక్కో లింకు, ఆ పేజీ తేదీ, అందులోని అసలు వాక్యం రాసి పంపండి. వాక్యం లేని జవాబు చూడను. పరకాల, ఆత్మకూరు, శాయంపేట వాళ్లకు మూడు జవాబులూ వేర్వేరుగా రావాలి.